బొటనవేలి కింది అంకె

పోయిన వారం ఒక కొత్త పిల్ల వచ్చింది. మెడికల్ కాలేజీలో మొదటి సంవత్సరం. చేతిలో రెండు చుడీదార్లు, ముఖం నిండా మొహమాటం. వాటిని టేబుల్ మీద పెట్టి, "ఉతికితె గుంజుకపోయినయక్కా, జర లూజు చెయ్యవా?" అంది.

నేను నవ్వలేదు. ఆ మాటకు నవ్వకూడదని ఎప్పుడో నేర్చుకున్నాను. ఆ పిల్ల సందు మలుపు తిరిగాక మాత్రం మిషన్ మీద తల పెట్టి నవ్వుకున్నాను. మా టౌన్‌కు మెడికల్ కాలేజీ వచ్చిన దగ్గర్నుంచి ఎన్ని బట్టలు గుంజుకుపోయాయో చెప్పలేను. నూలు గుంజుకుపోయిందంటే సరే. జార్జెట్ గుంజుకుపోయింది. నైలాన్ గుంజుకుపోయింది. కొన్నాక ఒక్కసారి కూడా నీళ్లు తగలని పట్టు లంగా కూడా గుంజుకుపోయింది. టౌన్‌లో మిగతా వాళ్లూ ఇవే నీళ్లలో బట్టలు ఉతుకుతారు. వాళ్లవి మాత్రం ఎప్పుడూ గుంజుకుపోవు.

అలా నవ్వుతుంటేనే ఆమె గుర్తొచ్చింది. అందరూ ఈ ఒక్క అబద్ధం చెప్పి డ్రెస్సు తీసుకుని వెళ్లిపోతే, మర్నాడు తిరిగొచ్చి నిజం చెప్పిన మనిషి ఆమె ఒక్కతే.

పేరు రాయను. బట్టలు కుట్టేవాళ్లం కొలతలు చెప్తే పేరు చెప్పకూడదు, పేరు చెప్తే కొలతలు చెప్పకూడదు. ఇక్కడ కొలతలు చెప్పక తప్పదు, కాబట్టి పేరు ఉండదు.

ముందు నా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మాది గోపాల్‌పేట దగ్గర పల్లె. పదో తరగతిలో లెక్కలు పోయాయి, మళ్లీ రాయలేదు. లెక్కలు పోయినదాన్ని ఇప్పుడు పొద్దున లేస్తే అంగుళాలు, అర అంగుళాలతోనే బతుకుతున్నాను. అమ్మాయిల హాస్టల్ పక్క సందులో ఒక గది. రెండు మిషన్లు, ఒక పెద్ద కటింగ్ టేబుల్, ఒక స్టూలు. ఇంతే నా షాపు.

ఆమె మొదటిసారి వచ్చినప్పుడు నాలుగు డ్రెస్సులు తెచ్చింది. నాలుగూ గుంజుకుపోయాయంది. సరే అన్నాను. మర్నాడు పొద్దున నేను తాళం తీసేసరికి మెట్టు మీద కూర్చుని ఉంది. జుట్టును ముడి వేసి అందులో పెన్ను గుచ్చుకుంది. ఆ పెన్ను కోసమే బ్యాగంతా వెతుకుతోంది.

"అక్కా, నిన్న నీకు అబద్ధం చెప్పిన" అంది.

"ఏం అబద్ధమే?"

"బట్టలు గుంజుకపోలె. నేనే లావైన."

"నాకు తెల్సు గదా."

"తెల్సా? ఎట్ల తెల్సు? కొలిచినవా?"

"కొలిచేదేముంది? గుడ్డ గుంజుకపోతె పొడుగు గూడ తగ్గాలె గదా. నీ డ్రెస్సులు పొడుగు అంతే ఉన్నయ్. నడుము కాడనే పట్టేస్తున్నయ్."

జుట్టులోని పెన్ను దొరికిందో నేను తీసిచ్చానో గుర్తులేదు గానీ, నేను చెప్పింది చేతి మీద రాసుకుంది. నా మాటను ఎవరైనా రాసుకోవడం అదే మొదటిసారి. ఆ రోజంతా నాకు తలకాయ కొంచెం పైకే ఉంది.

అప్పటి నుంచి రోజూ వచ్చేది. "ఉండక్కా, ఒకటి అడుగుత" అనేది. ఆ ఒకటి ఎప్పుడూ ఒకటితో ఆగేది కాదు. విప్పిన కుట్ల దగ్గర పాత సూది బెజ్జాలు వరసగా కనిపిస్తాయి కదా, వాటిని వెలుతురుకు పట్టి చూసేది. ఒక డ్రెస్సుకు ఎన్ని వరసలున్నాయో, ఏ వరస ఏ పరీక్షల తర్వాతిదో నన్నడిగి తెలుసుకునేది. భుజాల దగ్గర ఎందుకు విప్పవు, నడుము దగ్గరే ఎందుకు విప్పుతావు అనేది. స్టూలు మీద ఎప్పుడూ తిన్నగా కూర్చోలేదు. ఒక కాలు మడిచి దాని మీద గడ్డం ఆనించి, సూది ఎక్కేది దిగేది చూసేది.

దేనికైనా "కొలిచినవా?" అనేది ఆమె మాట. ఈసారి ఎండలు ఎక్కువున్నాయే అంటే "కొలిచినవా?" అనేది. మా ఆయన ఈ మధ్య ఎక్కువ గురక పెడుతున్నాడంటే "కొలిచినవా?" అని, తర్వాత ఆమెకే నవ్వొచ్చేది. నా టేపు తీసుకుని టీ కొట్టు సమోసాను కొలిచింది ఒకరోజు. హాస్టల్ గేటు నుంచి క్లాసు గది దాకా అడుగులు లెక్కపెట్టింది.

"రెండు వందల ఎనభై అడుగులక్కా" అంది వచ్చి. "మా ఊళ్లె బడికి మూడు కిలోమీటర్లు నడిచి పోతుంటి. వచ్చినంక నీళ్లు మోస్తుంటి. సెలవులైతె పత్తి ఏరనీకె పోతుంటి. ఈడ చదువు, తిండి, నిద్ర అన్ని ఒక్క గోడ లోపలనే. పరీక్షలంటె పొద్దాక కుర్చీలనే. ఆకలి గాకున్న ఆకలైనట్టే ఉంటది. ఒక పఫ్, ఒక కూల్‌డ్రింకు, సాయంత్రం ఫ్రైడ్ రైస్."

"అందరు గట్లనేనా?"

"శానమంది గట్లనే. మేం చదివేదంత ఒంటి గురించేనక్కా. ఒంటి గురించి కూసొని కూసొని చదివి, గా ఒళ్లునే పాడు జేసుకుంటున్నం."

అని పకపకా నవ్వింది. వాళ్లది లింగాల వైపు పల్లె. నాగర్‌కర్నూల్‌లో బస్సు మారి రావాలి. భూమి లేదు. తండ్రి పూనాలో బిల్డింగు పనులకు పోయేవాడట. అక్కడే షుగర్ వచ్చింది, తెలియలేదు. కాలికి మేకు గుచ్చుకుంటే మానలేదు. రెండు వేళ్లు తీసేశారు. ఇప్పుడు ఇంటి దగ్గరే ఉంటున్నాడు. తల్లే కూలికి పోయి ఇల్లు నడిపిస్తోంది. ఇదంతా ఆమె ఏడుస్తూ చెప్పలేదు. "అక్కా, మేకు గుచ్చుకుంటె నొప్పి తెల్వకుండ ఎట్లుంటది? మా నాయినకు తెల్వలేదంట. మూడు దినాలు గట్లనే పనికి పోయిండంట" అని ఆశ్చర్యపోతూ చెప్పింది. ఆ వేళ్ల సంగతి తెలుసుకోవడానికే డాక్టరు చదువుకు వచ్చిందేమో అనుకున్నాను. అడగలేదు.

ఒకసారి జాకెట్టు కోసం మెడ కొలత తీస్తుంటే, మెడ వెనక నల్లగా ఒక పట్టీలాగా కనిపించింది. గొలుసు నలుపేమో అనుకున్నాను. గొలుసే లేదు.

"ఏమే డాక్టరమ్మా, మెడ రుద్దుకోవా? శెనగపిండిల పెరుగు కలిపి పెట్టుకో, నెల దినాలల్ల పోతది" అన్నాను.

పాపం, నెల రోజులూ రుద్దుకుంది. తోలు ఎర్రబడింది గానీ నలుపు పోలేదు. "పోతలేదక్కా" అంటే, "నువ్వు సరిగ్గ రుద్దుతలెవ్వు" అని నేనే తిట్టాను.

ఇక అసలు సంగతి చెప్పాలి. చెప్పాలంటే సిగ్గుగానే ఉంది.

షాపు పెట్టిన కొత్తలో ఒక అమ్మాయి నడుము కొలిచి అంకె గట్టిగా చెప్పాను. పక్కన నలుగురున్నారు. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. మళ్లీ నా షాపు మెట్టెక్కలేదు. అప్పటి నుంచి నేనొక పద్ధతి పెట్టుకున్నాను. టేపు రెండు వైపులా కలిసే చోట బొటనవేలితో నొక్కుతాను. అంకె ఆ వేలి కింద ఉంటుంది. చూసేది నేనొక్కదాన్నే. నోటితో ఒకటి చెప్తాను, పుస్తకంలో ఇంకొకటి రాసుకుంటాను, ఆ రాసుకున్న దాని ప్రకారమే గుడ్డ కోస్తాను. డ్రెస్సు హాయిగా పడుతుంది, పిల్ల హాయిగా పోతుంది. ఎవరికీ నష్టం లేదు కదా అనుకునేదాన్ని.

ఆమెకూ అలాగే చెప్పాను. రెండో సంవత్సరంలో మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ "అర అంగుళమే పెరిగినవ్, పరేషాన్ గాకు" అన్నాను. ప్రతిదానికీ "కొలిచినవా?" అని అడిగే మనిషి, నేను కొలిచి చెప్పాను కాబట్టి నమ్మింది. "నీ టేపు మీద నాకు నమ్మకమక్కా" అని కూడా అంది. నేను విని ఊరుకున్నాను.

ఒకరోజు మధ్యాహ్నం తెల్ల కోటుతోనే వచ్చేసింది. ఎప్పుడూ కోటు మడిచి బ్యాగులో పెట్టుకుని వచ్చే మనిషి. ముఖం కందిపోయి ఉంది.

"టేపు తియ్యి" అంది.

"ఏమైందే?"

"తియ్యక్కా."

తీశాను. అప్పుడు చెప్పింది. ఆ రోజు క్లాసులో ఒకరి నడుము ఒకరు కొలవడం నేర్పించారట. కొలిచే ముందు ఎవరిది వాళ్లు ఎంత ఉంటుందో కాగితం మీద రాయాలి. అందరూ తడబడుతుంటే ఆమె ధైర్యంగా ముప్పై రెండున్నర అని రాసింది. "నాకు టైలర్ కొలత ఉంది, తప్పు గాదు" అని పక్కవాళ్లతో కూడా చెప్పింది. స్నేహితురాలు టేపు పెట్టి పైకి చదివింది. ముప్పై ఆరు. వెనక బెంచీలో ఎవరో "ముందుగాల టైలర్‌ను మార్చవే" అన్నారు. క్లాసంతా నవ్వింది.

తప్పించుకుందామని చూశాను.

"మీ సార్లు యాడ కొలిచిన్రో! నడుమంటె నాడా కట్టుకునే కాడ గదా కొలవాలె" అన్నాను.

"అది నీ నడుమక్కా. మా నడుము వేరే" అంది. ఎంత కోపంలో ఉన్నా నేర్పించే సంగతి వస్తే ఆగలేదు. నన్ను నిలబెట్టి, పక్కలో రెండు వేళ్లు పెట్టి నొక్కింది. "గిది ఆఖరి పక్కెముక. కింద గిది తుంటెముక. ఈ రెండింటి నడిమధ్యల కొలవాలె. నవ్వకు. ఊపిరి ఇడువు. ఇడిచినంక కొలవాలె, పీల్చుకోని గాదు."

నాకు చక్కిలిగింత పుట్టి నవ్వు ఆగలేదు. ఆమెకూ నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే టేపు తన నడుముకు చుట్టుకుని కొసలు నా చేతికిచ్చింది. అలవాటు కొద్దీ నా బొటనవేలు అంకె మీదికి పోయింది.

"వేలు తియ్యి."

నేను తీయలేదు.

"వేలు తియ్యక్కా."

తీశాను. ముప్పై ఆరు. ఇద్దరం చూశాం.

"నీ పుస్తకంల ఏం రాసినవ్?" అంది.

ఇచ్చాను. ముప్పై ఒకటి, ముప్పై మూడు, ముప్పై నాలుగున్నర, ముప్పై ఆరు. వేలితో ఒక్కొక్కటీ తాకుతూ చదివింది.

"గిది నాకెందుకు చెప్పలె?"

"నువ్వు బాధపడ్తవని..."

"బాధపడితె ఏమైతదక్కా? నిరుడే బాధపడితె నిరుడే కుర్చీల నుంచి లేస్తుంటి గదా."

మిషన్ మీద గుడ్డ సర్దుతున్నట్టు చేశాను. ఆమె స్టూలు మీద కూర్చుంది, ఈసారి తిన్నగా. అప్పుడు రెండో సంగతి చెప్పింది. ఆ రోజు పొద్దున ఏమీ తినకుండా పరీక్షకు నెత్తురు ఇచ్చిందట. నూట పద్దెనిమిది వచ్చింది.

"ఎక్కువనా?"

"ఇంక షుగర్ రాలె. గడప కాడికొచ్చి నిలబడ్డది. ఇంకోటి చెప్పాలెనా? మెడ మీద నలుపు మురికి గాదు. ఒంట్ల ఇన్సులిన్ ఉండి గూడ దాని మాట ఒళ్లు ఇనకపోతె గట్లొస్తదంట. నెల దినాలు శెనగపిండి రుద్దుకున్న నేను!"

నాకు ఏడుపొచ్చింది. ఆమె నా వైపు చూసి, "నువ్వెందుకు ఏడుస్తున్నవ్? నాది గదా నెత్తురు" అంది. తర్వాత తనలో తాను అడుక్కున్నట్టు అంది. "మా నాయిన ఎండిన కట్టె లెక్క ఉంటడు. ఆయనకు సరిగ్గ తినక తినక వచ్చింది. నాకు తిని తిని వస్తుంది. ఒక్క ఇంట్ల ఇద్దరం రెండు తొవ్వలల్ల పోయి ఒక్క కాడికే ఎట్ల వచ్చినమక్కా?"

భయపడాల్సిన చోట కూడా ఆమెకు ప్రశ్నే వచ్చింది. అలాంటి మనిషిని నేను మళ్లీ చూడలేదు.

వాళ్ల డాక్టర్లు మూడు నెలలు టైమిచ్చారు. నడవాలి, తిండి మార్చాలి, మూడు నెలల తర్వాత మళ్లీ నెత్తురు చూడాలి. వెనక్కి పోతే పోయినట్టు. గడప దాటితే ఇరవై ఒకటో ఏట నుంచే మాత్రలు. తండ్రి కాలు రోజూ కళ్లముందు ఉన్న పిల్లకు ఆ మాట ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

నడవడం మొదలుపెట్టింది. చదువు నా కటింగ్ టేబుల్ దగ్గరికి మార్చుకుంది. ఆ టేబుల్ నిలబడి గుడ్డ కోయడానికి చేయించింది కదా, నిలబడి చదవడానికి సరిగ్గా సరిపోయింది. సాయంత్రం పూట నేనొక కొసన కత్తిరిస్తుంటే ఆమె ఇంకో కొసన పుస్తకం పెట్టుకుని నిలబడేది. పేజీ తిప్పినప్పుడల్లా గుమ్మం దాకా నడిచి వచ్చేది. నరాల పేర్లు గట్టిగా అప్పజెప్పుకుంటూ సందులో తిరిగితే ఎదురింటి ముసలమ్మ, "డాక్టరు చదువు గట్టిదే ఉన్నట్టుంది, పిల్లకు దిమాక్ ఖరాబైంది" అంది నాతో. డాక్టరమ్మ నన్నూ వదల్లేదు. బాబిన్‌లో దారం అయిపోయినప్పుడల్లా నేను లేచి నాలుగడుగులు వేయాలని రూలు పెట్టింది.

నడక కుదిరింది. కుదరంది తిండి. నెలకు రెండుసార్లు ఇంటికి పోతే తల్లి నిండు పళ్లెం సన్నబియ్యం అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని, ఇంకో గరిటె వేసేది. తినకపోతే ఒంట్లో బాగాలేదా అని ఊళ్లో అందరూ అడిగేవాళ్లు. వచ్చేటప్పుడు డబ్బా నిండా పిండివంటలు.

"మీ అమ్మకు చెప్పు" అన్నాను.

"ఎట్ల చెప్తనక్కా? నేను లావైతె మా అమ్మ వాడకట్టంత తిరిగి చెప్పింది. 'నా బిడ్డ మంచిగ తింటుంది, ముఖంల కళ వచ్చింది' అని. నాయిన కాలు చూసుకుంట బతుకుతుంది. గిది గూడ మోయాలెనా?"

నెల గడిచిపోయింది. చెప్పలేదు.

డిసెంబర్‌లో తల్లే వచ్చింది. క్రిస్మస్‌కు కూతురికి తెల్ల చీర కొన్నది, జాకెట్టు కుట్టించాలి. సన్నటి మనిషి. పత్తి కాయలు గీరిన గీతలు వేళ్ల నిండా ఉన్నాయి. చంకలో స్టీలు డబ్బా. కూతురు పక్కన నిలబడి నాకు కళ్లతో ఏదో సైగ చేస్తోంది. చెప్పమనో, చెప్పవద్దనో నాకు అర్థం కాలేదు.

"నువ్వేనా అక్కవి? మా బిడ్డ ఫోన్ల నీ ముచ్చటనే చెప్తది. జర మంచిగ కుట్టు బిడ్డా, చర్చిల అందరు చూస్తరు" అంది.

కొలిచాను. పుస్తకం చూపించిన రోజే, ఇక కూతురి దగ్గర బొటనవేలు అడ్డం పెట్టనని మాటిచ్చాను.

"ఎంతొచ్చింది?" అంది తల్లి.

కూతురి ముఖం చూశాను. నేల చూస్తోంది.

"నడుము ముప్పై ఆరమ్మా."

"ముప్పై ఆరా!" తల్లి ముఖం వెలిగిపోయింది. "సంతోషం! కాలేజీకి వచ్చినప్పుడు చీపురు పుల్ల లెక్క ఉండె. లోపల ఎక్కువ గుడ్డ ఇడువు బిడ్డా, ఇంక పెరుగుతది." అంటూనే డబ్బా మూత తీసింది. గరిజెలు. కొబ్బరి, బెల్లం వాసన గదంతా నిండింది. "తిను బిడ్డా, నీ కోసం పొద్దుగాల లేసి చేసిన."

నిజం చెప్పినా ఆమెకు ఏమీ తెలియలేదు. నా అంకె ఆమెకు మంచి కబురు అయింది. అంకెతో అయ్యే పని కాదని నాకప్పుడు అర్థమైంది. కూతురికీ అర్థమైనట్టుంది. గరిజె చేతిలోకి తీసుకుంది గానీ కొరకలేదు.

"అమ్మా" అంది. "నాయినకు వచ్చింది నాకు గూడ వచ్చేటట్టుంది."

"ఏం వచ్చింది?"

"షుగర్. ఇంక రాలె. దగ్గర్లున్నది."

తల్లి డబ్బా మూత చేత్తో పట్టుకునే నిలబడింది. "నీకెట్ల వస్తది? నువ్వు మంచిగ తింటున్నవ్ గదా?" అంది.

"గందుకే అమ్మా."

మంచిగా తినడం వల్ల జబ్బు వస్తుందన్న మాట ఆమె జీవితంలో ఎప్పుడూ విని ఉండదు. ముందు కూతురి కాళ్ల వైపు చూసింది. చెప్పుల్లో ఉన్న వేళ్ల వైపు. తర్వాత, "మరి ఏం తినాలంట?" అంది.

"ఏముంది, నువ్వు తినేదే. జొన్నరొట్టె, ఆకుకూర, పప్పు. అన్నం జర తక్కువ."

తల్లి డబ్బా టేబుల్ మీద పెట్టేసింది.

"గా రొట్టెలు నీకు తప్పియ్యాలనే గదనే నేను గింత కష్టం జేసింది!"

గట్టిగా అనలేదు. కానీ సందులో పోయేవాళ్లు కూడా ఆగినట్టనిపించింది నాకు. "ఇంట్ల గిన్ని బియ్యముంటె నీకే వండిన. నేను, మీ నాయిన రొట్టె తిన్నం. నువ్వు చదువుకోని మూడు పూటల వరిబువ్వ తినాలెనని. ఇప్పుడు గంత చదువు చదివి వచ్చి, మల్ల గా రొట్టెనే పెట్టమంటవా?" అని కొంగు నోట్లో కుక్కుకుంది.

కూతురు వెళ్లి తల్లి నడుము చుట్టూ చేతులు వేసి, భుజం మీద గడ్డం పెట్టి నిలబడింది. నేను ఏం చేయాలో తెలియక ఖాళీ మిషన్ తొక్కాను.

తల్లే ముందు తేరుకుంది. కొంగుతో ముఖం తుడుచుకుని, డబ్బాలో వెతికి, అన్నిట్లోకీ చిన్న గరిజె తీసి కూతురి చేతిలోని పెద్దదానికి మారుగా పెట్టింది. "పండుగ గదా. గిది తినొచ్చునా?" అంది, డాక్టరును అడిగినట్టు.

"గిది తినొచ్చు" అంది ఆమె.

తర్వాత తల్లి నా వైపు తిరిగింది. "నీకు రొట్టె కొట్టొస్తదా బిడ్డా?"

రాకపోవడమేమిటి? మరుసటి వారం జొన్నపిండి సంచి వచ్చింది. మా ఇంట్లో రొట్టెలు చేసేటప్పుడే ఆమెకూ రెండు చేసి షాపుకు తెచ్చేదాన్ని. చెప్పిన అబద్ధాలకు అదే నేను కట్టుకున్న జుర్మానా. మొదట్లో "గొంతు దిగుతలేదక్కా" అని మూతి ముడిచేది. తర్వాత తర్వాత, చల్లారిన రొట్టె తింటే ఆకలి ఆలస్యంగా వేస్తుందా, వేడిది తింటేనా అని రోజూ టైము రాసుకోవడం మొదలుపెట్టింది. అప్పుడు తెలిసింది నాకు, ఇక ఈ పిల్లకు భయం లేదని.

మూడు నెలలకు కాగితం పట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చింది. తొంభై ఆరు. నేను మిషన్ వదిలేసి ఎగిరాను. ఆమె ఎగరలేదు. టేపు తీసుకుని నడుము కొలుచుకుంది. అంగుళమున్నరే తగ్గింది.

"నడుము గింతే దిగింది. షుగర్ ఏమో గంత దిగింది. ఎందుకక్కా?"

"నాకేం తెల్సే? సంతోషపడక!"

"నాకు గూడ తెల్వదు. చదవాలె" అని పుస్తకాల కోసం వెళ్లిపోయింది.

ఇప్పుడు నేను కొలిచేటప్పుడు ముందే అడుగుతాను, "అంకె చెప్పాల్నా, వద్దా?" అని. చెప్పమన్నవాళ్లకు నిజమే చెప్తాను, చెవి దగ్గర, ఇంకెవరికీ వినిపించకుండా. మెడ నల్లగా కనిపిస్తే శెనగపిండి మాట ఎత్తను. ఒకసారి నెత్తురు చూపించుకోండి అంటాను. ఒకరిద్దరు కోపం చేసుకుని వేరే టైలర్ దగ్గరికి పోయారు. పోనీ.

ఆమె చదువు అయిపోయింది. ఇప్పుడు వేరే జిల్లాలో ఒక దవాఖానలో చేస్తోంది. ఫోన్లు తగ్గాయి, పనెక్కువట. పోయిన ఎండాకాలం వాళ్లమ్మ బీచుపల్లి దగ్గర చుట్టాల ఇంటికి పోయి వస్తూ, దారిలో దిగి నా షాపుకు వచ్చింది, తన జాకెట్టు గుడ్డ పట్టుకుని.

"ఎట్లుంది మన డాక్టరమ్మ?" అన్నాను.

"మంచిగనే ఉంది గని, అది ఇంటికొచ్చిందంటె నా చేతులు పడిపోతున్నయ్ బిడ్డా" అంది స్టూలు మీద కూలబడి. "ఊకె రొట్టె, రొట్టె. దాన్ని చూసి వాళ్ల నాయిన గూడ బువ్వ వద్దంటుండు. పొయ్యి కాడికెళ్లి లేవనిస్తలేదు. ఎండాకాలం, మంట మొఖాన కొడ్తది."

"ఒక్కరోజన్న అన్నం తినమని చెప్పకపోయినవా?"

"ఎట్ల చెప్పాలె?" అంది. మంట తగిలినట్టే ముఖం తుడుచుకుంది గానీ, నవ్వు దాచుకోవడం ఆమెకు చేతకాలేదు. "పళ్లెం గూడ తెచ్చుకోదు. నా పక్కల పీట ఏసుకోని కూసుంటది. పెనం మీదికెళ్లి తీసింది తీసినట్టు, చేతులు కాలుతుంటె ఊదుకుంట తింటది. బువ్వ పెట్టినన్ని దినాలు అది గంత ఆకలితోని తిన్నది నేను చూడనే లేదమ్మా."